బుడిబుడి అడుగులకు బండి ఎందుకు?

అన్నప్రాసనకు వచ్చే కానుకల్లో ఈ మధ్య వెండి గిన్నె, వెండి చెంచాలతో పాటు ఒక పెద్ద రంగుల అట్టపెట్టె కూడా కనిపిస్తోంది. అందులో ఉండేది వాకర్. గుండ్రటి ప్లాస్టిక్ చట్రం, కింద చిన్న చిన్న చక్రాలు, మధ్యలో గుడ్డతో కుట్టిన సీటు, ముందు పళ్ళెంలాంటి బల్ల, దాని మీద మీట నొక్కితే పాటలు పాడే బొమ్మలు. బిడ్డను అందులో కూర్చోబెట్టగానే ఇల్లంతా మురిసిపోతుంది. నిన్నటిదాకా పక్క మీద ఉన్న బిడ్డ నిలువుగా ఉంది, ఇల్లంతా తిరుగుతోంది, పైగా ఏడవడం లేదు. ఇంతకన్నా ఏం కావాలి? నేను ఇవాళ చెప్పబోయేది ఆ మురిపానికి కాస్త అడ్డు తగిలే మాట. పసిబిడ్డలను ఆడించడానికి, కదిలించడానికి బజారులో ఇప్పుడు బోలెడు సాధనాలు దొరుకుతున్నాయి. వాకర్లు, జంపర్లు, బౌన్సర్లు, బ్యాటరీతో ఊగే ఉయ్యాలలు, బొమ్మలు వేలాడే ఆట చాపలు. వీటిలో ఏది కొనాలో తేల్చుకోవడానికి ధరా, రంగూ, కంపెనీ పేరూ పెద్దగా ఉపయోగపడవు. ఈ వస్తువులో బిడ్డను ఉంచాక పని చేసేది బిడ్డా, వస్తువా అని అడిగితే మాత్రం చాలా సంగతులు తేలిపోతాయి. బిడ్డ చేయాల్సిన పనిని వస్తువే చేసేస్తుంటే దానివల్ల సుఖపడేది పెద్దలు. పెద్దలు సుఖం కోరుకోవడంలో తప్పేమీ లేదు గానీ, దాన్ని బిడ్డ ఎదుగుదల లెక్కలో రాసుకోకూడదు. వాకర్ సంగతి వివరంగా చూస్తే మిగతావాటిని కొలవడం తేలిక.

మన ఇళ్ళలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు చేసి పంచడం ఇప్పటికీ ఉంది. ఆ వేడుకలన్నీ బిడ్డ తనంతట తాను సాధించినవాటికే. ఎవరో బోర్లా పడుకోబెట్టినందుకు ఎవరూ బొబ్బట్లు చేయరు. ఇలాంటి మైలురాళ్ళనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిచి చూసి 2006లో ప్రచురించింది. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను గమనించారు. మన దేశం నుంచి అందులో ఢిల్లీ పిల్లలున్నారు. ఆసరా లేకుండా నడవడం కొందరికి ఎనిమిది నెలలు దాటగానే వచ్చింది, కొందరికి పదిహేడు నెలలు దాటితే గాని రాలేదు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకే దశే లేకుండా నడకలోకి వచ్చేశారు. అంటే పక్కింటి పాప పదో నెలలో నడిచేసిందని మనం కంగారు పడడానికి ఆధారం లేదు. వాకర్ల అమ్మకం మాత్రం చాలావరకు ఈ కంగారు మీదే సాగుతోంది.

నడక నేర్చుకోవడమంటే కాళ్ళు ఆడించడం నేర్చుకోవడమే అనుకుంటాం. కాళ్ళు ఆడించడం బిడ్డకు పుట్టుకతోనే వస్తుంది. నేర్చుకోవాల్సింది తూకం. తల, మొండెం, తుంటి, పాదం ఒకదాని మీద ఒకటి ఎలా నిలవాలో, ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కకు ఎలా సర్దుకోవాలో ఒళ్ళే నేర్చుకోవాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరన్ అడాల్ఫ్, ఆమె సహచరులు ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలను ఆడుకుంటుండగా గమనించి 2012లో ఒక లెక్క చెప్పారు. ఆ పిల్లలు సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. పెద్దవాళ్ళం గంటకు 17 సార్లు పడితే మళ్ళీ లేవం. బిడ్డ లేస్తుంది, ఎందుకంటే నేలకూ తనకూ ఉన్న దూరం తక్కువ, ఎముకలు లేతవి, ఒళ్ళు తేలిక. అలా పడిన ప్రతిసారీ ఒళ్ళు ఒక లెక్క సరిచూసుకుంటుంది. వాకర్ చేసేది ఆ పడడాన్ని తీసేయడం. పడకపోతే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, బిడ్డను నిలబెడుతున్నది ఆ చట్రం. తూకం చూసుకునే పని చట్రానిది, బరువు మోసే పని సీటుది. బిడ్డకు మిగిలింది మునివేళ్ళతో నేలను తన్నడం. పైగా ముందున్న ఆ వెడల్పాటి పళ్ళెం బిడ్డకు తన పాదాలు కనబడకుండా కమ్మేస్తుంది. కాలు ఎక్కడ పడుతోందో కన్ను చూడాలి, కన్ను చూసినదాన్ని కాలు గుర్తుపెట్టుకోవాలి. ఆ రెంటి మధ్యా తెర వేసినట్టవుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదా అని అడగొచ్చు. 1999లో సీగెల్, బర్టన్ అనే పరిశోధకులు 109 మంది పసిబిడ్డలను పరిశీలించారు. వాకర్ వాడినవాళ్ళు వాడనివాళ్ళ కన్నా ఆలస్యంగా కూర్చున్నారు, ఆలస్యంగా పాకారు, ఆలస్యంగా నడిచారు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఐర్లండ్ అధ్యయనం 190 మంది పిల్లలది. వాకర్‌లో గడిపిన సమయం మొత్తం కూడితే, ప్రతి 24 గంటలకూ ఒంటరిగా నడవడం 3.3 రోజులు, ఒంటరిగా నిలబడడం 3.7 రోజులు వెనకబడినట్టు అందులో తేలింది. ఇక్కడ వాకర్ పక్షాన ఒక న్యాయమైన మాట ఉంది, దాన్ని దాటేయకూడదు. ఇలాంటి అధ్యయనాల్లో ఎవరికి వాకర్ ఇవ్వాలో పరిశోధకులు చీటీలు వేసి నిర్ణయించలేదు. ఇంట్లో వాళ్ళు ఇచ్చుకున్నారు. నడక ఆలస్యమవుతున్న బిడ్డకే తల్లిదండ్రులు వాకర్ కొని ఉండవచ్చు కూడా. పైగా కొన్ని రోజులో వారాలో ఆలస్యమైతే ఏమైంది, పదేళ్ళ వయసులో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? రెండూ ఒప్పుకోదగ్గ మాటలే. ఆలస్యం ఒక్కటే నేరమైతే నేను ఈ ప్రసంగం చేసేవాణ్ణి కాదు. కానీ ఈ వాదన వల్ల వాకర్ మంచిదని రుజువు కాదు, పెద్ద చెడు చేయకపోవచ్చని మాత్రమే తేలుతుంది. నడక తొందరగా వస్తుందని చెప్పి అమ్మే వస్తువు నడకను తొందరపెడుతుందనడానికి ఆధారం లేదు. ఒక పక్క లాభం సున్నా. అలాంటప్పుడు రెండో పక్క నష్టం ఎంతో చూడాలి.

ఆ నష్టం చిన్నది కాదు. వాకర్‌లో ఉన్న బిడ్డ సెకనుకు మూడడుగులకు మించిన వేగంతో వెళ్ళగలదు. ఇంకా నడక రాని బిడ్డకు, ఆగడమంటే ఏమిటో, అంచు అంటే ఏమిటో, వేడి అంటే ఏమిటో తెలియని బిడ్డకు, పరిగెత్తే చక్రాలు కట్టి వదిలేశామన్నమాట. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా వాకర్ వల్ల దెబ్బలు తగిలి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పదిహేను నెలల లోపు పిల్లలు 2,30,676 మంది ఉంటారని 2018లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. వాళ్ళలో నూటికి 90 మందికి దెబ్బ తలకో మెడకో తగిలింది. నూటికి 74 మంది వాకర్‌తో సహా మెట్ల మీద నుంచి దొర్లినవాళ్ళే. పసిబిడ్డ ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. దొర్లినప్పుడు ముందు నేలకు తగిలేదీ అదే.

ఇలాంటి ప్రమాదాలు చూశాకే కెనడా 2004 ఏప్రిల్‌లో బేబీ వాకర్ల అమ్మకాన్నీ, దిగుమతినీ, ప్రకటననూ నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం అదే. అక్కడ వాడేసిన పాత వాకర్‌ను ఇంటి ముందు పెట్టి అమ్మడం కూడా నేరమే. టొరంటోలో కాన్పుకు సాయం వెళ్తూ మనవడి కోసం ఇక్కడి నుంచి వాకర్ పట్టుకెళ్దామనుకునే అమ్మమ్మలు, నానమ్మలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నిషేధం కోరుతూ వచ్చింది గానీ, ప్రభుత్వం ఆ దారి పట్టలేదు. వాకర్ చట్రం తలుపు సందులో పట్టనంత వెడల్పుగా ఉండాలనో, మెట్టు అంచున చక్రం జారగానే ఆగిపోయే పట్టు ఉండాలనో ప్రమాణాలు వచ్చాయి. మొదట ఐచ్ఛికంగా ఉన్న ఆ ప్రమాణాలు 2010లో తప్పనిసరయ్యాయి. ఫలితం లేదనను, తప్పనిసరి కాకముందే అది కనిపించింది. 1990లో 20,650గా ఉన్న ఏటి దెబ్బల సంఖ్య 2003 నాటికి 3,201కి పడిపోయింది. అంటే కొత్త వాకర్లలో బ్రేకు ఉంది కదా అనేవాళ్ళ మాటలో నిజం ఉంది. అయితే ఆ తగ్గుదలలో కొంత వాకర్లను మానేసి చక్రాలు లేని ఆట కేంద్రాలకు మారినవాళ్ళ వల్ల వచ్చింది. మెట్టు దగ్గర ఆగే పట్టు వేడి టీ కప్పు దగ్గర ఆగదు.

నేను చూస్తూనే ఉంటాను కదా అనే తల్లికి ఏం చెప్పాలి? ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పిల్లల ఆస్పత్రికి వాకర్ దెబ్బలతో వచ్చిన 271 మందిని 1990ల మధ్యలో పరిశీలించారు. దెబ్బ తగిలిన సమయంలో మూడింట రెండు వంతులకు పైగా పిల్లలను ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. బిడ్డ సెకనులో గజం దూరం పోతుంటే, మనం పొయ్యి మీద పాలు దించి వెనక్కి తిరిగేలోపు గది దాటిపోతుంది. కాబట్టి ఈ ప్రమాదాలను తల్లి అజాగ్రత్త కింద రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. కన్నూ చేయీ అందుకోలేని వేగాన్ని ఇచ్చింది వస్తువు.

ఇవన్నీ మేడలూ మెట్లూ ఉన్న అమెరికా ఇళ్ళ లెక్కలు, మా ఫ్లాట్‌లో మెట్లే లేవు అనేవాళ్ళూ ఉన్నారు. మెట్లు లేకపోవచ్చు, మన ఇళ్ళలో గడపలుంటాయి. పరుగు మీద వచ్చిన వాకర్ ముందు చక్రం గడపకు తగిలితే చట్రం ఆగుతుంది, బిడ్డ ముందుకు తూలుతుంది. స్నానాల గదికీ హాలుకూ మధ్య నేల రెండంగుళాలు దిగుతుంది. అక్కడ నిండా నీళ్ళతో బకెట్ ఉంటుంది. చాలా ఇళ్ళలో ఇస్త్రీ పెట్టె తీగ, కుక్కర్ తీగ వేలాడుతుంటాయి. వాకర్ బిడ్డకు వేగంతో పాటు ఎత్తునూ ఇస్తుంది. పాకే బిడ్డకు అందని బల్ల అంచు, మేజా గుడ్డ, గిన్నె కాడ, వాకర్‌లో ఉన్న బిడ్డకు అందుతాయి. పాకే బిడ్డకు తగ్గట్టు సర్దిన ఇల్లు వాకర్ బిడ్డకు సర్దినట్టు కాదు.

మిగిలిన అభ్యంతరం ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా బలమైనది. ఉమ్మడి కుటుంబంలో బిడ్డ ఒకరి చంకలో నుంచి మరొకరి చంకలోకి మారేది. ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్న తల్లి అన్నం వండుకోవాలి, స్నానం చేయాలి, ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఆ అరగంట బిడ్డను ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వాకర్ వద్దనడం ఊరికే నీతులు చెప్పడమే. జవాబు కదలని చోటు. నాలుగు పక్కలా కంచె ఉన్న ఆట దడి, అంటే ప్లేపెన్, ఆ పని బాగా చేస్తుంది. అందులో బిడ్డ దొర్లవచ్చు, పాకవచ్చు, దడి పట్టుకుని లేచి నిలబడవచ్చు. అన్నీ తానే చేస్తుంది. వల గళ్ళు చొక్కా గుండీ దూరనంత చిన్నగా ఉండాలి, మడిచే గొళ్ళాలు పూర్తిగా బిగుసుకోవాలి, ఎక్కి దూకడానికి పనికొచ్చే పెద్ద బొమ్మలు లోపల వేయకూడదు. చక్రాలు లేకుండా ఒకేచోట ఉండి గుండ్రంగా తిరిగే ఆట సీట్లు కూడా వాకర్ కన్నా నయం. అయితే వాటిలోనూ బరువు మోసేది సీటే కాబట్టి కాసేపటికి దించేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు బిడ్డను ఒకేసారి గంటకు మించి ఎక్కడా కట్టి ఉంచకూడదు. తోపుడు బండి అయినా, ఎత్తు కుర్చీ అయినా, వీపున కట్టుకున్నా అంతే. ఇంకా కదలలేని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా ఉంచాలని కూడా అందులో ఉంది. కాళ్ళు చాపుకుని వాటి మీద బిడ్డను బోర్లా వేసుకుని నూనె రాసే మన అమ్మమ్మలు ఆ అరగంటలో కొంత భాగం ఎప్పటినుంచో జరిపిస్తున్నారు. దానికి కావలసిన సాధనం రెండు కాళ్ళు.

మిగతా వస్తువులను ఇదే కొలతతో చూద్దాం. ద్వారబంధానికి బిగించి బిడ్డను ఎగిరించే జంపర్‌లో ఎగిరేది స్ప్రింగు. బిగింపు ఊడితే పడేది బిడ్డ. నేను దాన్ని కొనమని చెప్పను. బౌన్సర్లూ, బ్యాటరీ ఉయ్యాలలూ కాసేపు ఊరడించడానికి పనికొస్తాయి. ప్రమాదం వాటిలో నిద్రపుచ్చడంలో ఉంది. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. వాలుగా కూర్చున్నట్టు నిద్రపోతే గడ్డం గుండె మీదికి వాలి ఊపిరి దారి నొక్కుకుపోతుంది. బిడ్డ ఏడవలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. అమెరికాలో వాలుగా ఉండే నిద్ర సాధనాల వల్ల పసిబిడ్డలు చనిపోయాక 2019లో ఫిషర్ ప్రైస్ సంస్థ దాదాపు 47 లక్షల రాక్ ఎన్ ప్లే ఉయ్యాలలను వెనక్కి తీసుకుంది. 2022లో పది డిగ్రీలకు మించి వాలు ఉన్న నిద్ర సాధనాలను అక్కడ చట్టమే నిషేధించింది. అది పేరున్న కంపెనీ, ఇళ్ళలో ఎంతో ఇష్టంగా వాడిన వస్తువు. పేరు చూసి కొనడం చాలదనేది అందుకే. బిడ్డ నిద్రపోయే చోటు చదునుగా, గట్టిగా ఉండాలి, బిడ్డ వెల్లకిలా ఉండాలి. బౌన్సర్‌లో నిద్రపోతే తీసి పక్క మీద పడుకోబెట్టాలి, లేస్తే లేచింది.

మన చీర ఉయ్యాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, అది మనదని మినహాయింపు ఇవ్వలేం. దూలానికి కట్టిన చీరలో బిడ్డ వంగి ముడుచుకుని పడుకుంటుంది, గుడ్డ ముఖం మీదికి మూసుకుంటుంది. కాస్త పెద్ద పిల్లలు అదే చీరలో గుండ్రంగా తిరుగుతూ ఆడి మెడకు ఉరి పడిన ఘటనలు మన దేశంలో వైద్యులు నమోదు చేశారు. బిడ్డను తీయగానే చీరను పైకి ముడి వేయడం కనీస జాగ్రత్త. చదునైన అడుగు ఉన్న చెక్క తొట్టి దీనికన్నా ఎంతో మేలు. కమ్మీల సందులో మాత్రం బిడ్డ తల పట్టకూడదు.

ఇక కొనదగినవి. అన్నిటికన్నా మంచిది నేల మీద పరిచిన చాప, దాని మీద పలుచటి బొంత. బొమ్మలు వేలాడే ఆట చాప కొంటే ఆ వేలాడే తాళ్ళు జానెడుకు మించకూడదు. బిడ్డ చేతులూ మోకాళ్ళ మీద లేవడం మొదలుపెట్టగానే పై కమ్మీ తీసేయాలి. నోట్లో పట్టేటంత చిన్న ముక్క ఏదీ ఊడి రాకూడదు. పాటలు పాడే బొమ్మలో బ్యాటరీ అర స్క్రూతో బిగించి ఉందో లేదో కొట్లోనే చూడాలి. మింగిన గుండీ బ్యాటరీ రెండు గంటల్లో ఆహార నాళాన్ని కాల్చేయగలదు, అందుకే అనుమానం వస్తే చాలు ఆస్పత్రికి పరిగెత్తాలి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మల్లో చాలావాటి మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉండాల్సి కూడా లేని బొమ్మ ఎంత చవకైనా వద్దు. బిడ్డ పట్టుకుని తోసుకుంటూ వెళ్ళే చెక్క నడక బండి వాకర్ కిందికి రాదు. బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడాలి, వదిలేస్తే బండి ఆగాలి. అయితే తేలికైన బండి బిడ్డ కన్నా ముందు పరిగెడుతుంది, కాబట్టి బరువైనది, వెడల్పాటి అడుగు ఉన్నది చూడాలి. బిడ్డ దేన్నో పట్టుకుని తనంతట తాను లేచి నిలబడడం వచ్చాకే దాన్ని చేతికివ్వాలి. మేకు మొనలు తడిమి చూడాలి. రంగు నాకినా హాని లేనిదై ఉండాలి. ఏటికొప్పాకలో సహజ రంగులతో లక్క పూసి చేసే బొమ్మలకు ఆ విషయంలో మంచి పేరుంది.

ఇంట్లో ఇప్పటికే వాకర్ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? మన ఇళ్ళలో పసిపిల్లల వస్తువులు చెల్లెలి ఇంటికి, అక్కడి నుంచి తోడికోడలి ఇంటికి తిరుగుతూ ఉంటాయి. ఉయ్యాల, బట్టలు, దుప్పట్లు అలా తిరిగితే మంచిదే. వాకర్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చక్రాలు ఊడదీసి, సీటు గుడ్డ కత్తిరించి, మళ్ళీ ఎవరూ బిగించి వాడలేకుండా చేశాకే పాత సామాన్ల వాడికి వేయండి. వచ్చే నెల ఎవరింట్లోనైనా అన్నప్రాసన ఉండి, కానుక ఏమివ్వాలా అని ఆలోచిస్తుంటే, ఒక మంచి చాప చాలు.